‘తోడేలు’ చిత్రము - ప్రేక్షకోక్తులలో విభక్తి

మనుష్యుడు మృగముగా మారుటను చూపు చలనచిత్రములు పెక్కుదేశములందు వెలువడినవి. వానిని చూచిన సామాన్యప్రేక్షకుని మాట భాషాపరిశోధకునకు ఉపకరించునా? ఉపకరించునని నేననుకొనలేదు. ఒక సాయంకాలమున జరిగిన సంభాషణ నా అభిప్రాయమును మార్చినది.

అమర్ కౌశిక్ దర్శకత్వమున 2022 నవంబరు 25న విడుదలైన హిందీచిత్రము ‘భేడియా’ ఆనాడే ‘తోడేలు’ అను పేర తెలుగులోనికిని వచ్చెను. కథానాయకుడు భాస్కరుడు ఢిల్లీ గుత్తేదారు. అరుణాచలప్రదేశమున అడవిని చీల్చి రహదారి వేయబోయి తోడేలుకాటు తినును. పిమ్మట తానే తోడేలగును. చిత్రమున భయమును హాస్యమును ఎంత యున్నను, కథ ఆ మనుష్యుని విడిచిపోదు.

సరోజినీ నగరులో ఒక తెలుగు మిత్రుని యింట కొందరము కూడి దీనిని చూచితిమి. పెద్దలు ఉద్యోగరీత్యా పూర్వమెన్నడో వచ్చినవారు. పిన్నలు ఇచటనే పుట్టి పెరిగినవారు. చిత్రము ముగిసిన పిదప వారాడిన మాటలను వారి యనుమతితో వ్రాసికొంటిని.

ఒక వృద్ధురాలు, “పాపం, వాడికి తోడేలు పట్టింది” అనెను. ఆమె మనుమడు, “పట్టడం కాదు నానమ్మా, వాడే తోడేలు అయిపోయాడు” అనెను. మొదటి వాక్యమున మనుష్యుడు కర్త కాడు. ఆకలి వేసినది, జ్వరము వచ్చినది, దయ్యము పట్టినది అన్నప్పుడువలె అనుభవించువాడు మాత్రమే. మన వ్యాకర్తలు కు-వర్ణకమును షష్ఠిలో చేర్చిరి. దాని యీ ప్రయోగము హిందీలో ‘కో’కు, కన్నడమున ‘గె’కు, తమిళమున ‘కు’కును కలదు. ఆర్యద్రావిడ కుటుంబములు రెండును పంచుకొన్న లక్షణమిది. మనుమని వాక్యమున వాడు ప్రథమలో నిలిచినాడు. ఇది హిందీ ‘బన్ గయా’ ఛాయ యని తోచవచ్చును గాని, అహల్య రాయి అయినదని మన యిండ్లలో చెప్పుకొనుట హిందీ నేర్చినపిదప కాదు గదా!

ఇది వయోభేదమని నేను మొదట తలచితిని. ఆ సిద్ధాంతము పావుగంటయైనను నిలువలేదు. విశ్రాంతోద్యోగి యొకరు, “పట్టలేదమ్మా, వాడే తెచ్చుకున్నాడు” అనిరి. ఈ ‘కొను’ ధాతువే కీలకము. క్రియాఫలము చేసినవానికే చెందునని తెలుగు రెండక్షరములలో చెప్పును. తప్పును అతని యొడిలో పెట్టును. ఆయన యీ పేటలోని ప్రభుత్వగృహములలో చిరకాలము కాపురమున్నవారు. 2018 జూన్‌లో, పునర్నిర్మాణమునకై దక్షిణఢిల్లీలో వేలకొలది చెట్లను నరుకబూనినప్పుడు, జనులు చెట్లను కౌగిలించుకొని నిరసించిరి. ఢిల్లీ హైకోర్టు ఆ నరుకుడును ఆపించెను. ఆనాడు తామును వేపచెట్టు క్రింద నిలిచితిమని ఆయన చెప్పిరి. గుత్తేదారుని కాటును ఆయన చూచిన చోటు వేరు.

ఆయనయే 1980 నాటి ‘పున్నమినాగు’ను తలచికొనిరి. రాజశేఖర్ దర్శకత్వమున ఏ.వి.ఎం. సంస్థ తీసిన ఆ చిత్రమున చిరంజీవి ధరించిన నాగులు పాత్రకు తండ్రియే చిన్ననాటనుండి విషము పెట్టును. పున్నమిరాత్రి వాడు సర్పస్వభావుడగును. “వాడికి వాళ్ళ నాన్న పెట్టాడు, వాడేం చేస్తాడు?” అనిరి. వక్త యొకడే, మార్పును ఇంచుమించు ఒకటే. నాగులు కు-వర్ణకమున నిలిచినాడు, భాస్కరుడు ‘కొను’కు చిక్కినాడు. 1941 నాటి అమెరికా చిత్రము ‘ది ఉల్ఫ్ మాన్’ నాయకుడు పరులను కాపాడబోయి కాటు తిన్నవాడు. వానిని గూర్చి యడిగియుంటినేని కు-వర్ణకమే వచ్చియుండునని నా యూహ.

భారత ఆదిపర్వమున కల్మాషపాదుని కథయు దారినిగూర్చినదే. ఇరుకుత్రోవలో తొలగని శక్తిమునిని రాజు కశతో కొట్టును; శాపముచే నరభక్షకుడైన రాక్షసుడగును. శాపము పైనుండి వచ్చినది, కశ చేతిలోనే యున్నది. ఈ కథను జ్ఞాపకము చేయగా ఉద్యోగి తల యూపిరి.

వృద్ధురాలు మాత్రము ఒప్పుకొనలేదు. “తెచ్చుకున్నా, పట్టింది పట్టిందే కదా నాయనా” అనెను. ఆ వాక్యమును ఏ శీర్షికక్రింద చేర్పవలెనో తోచక, పుస్తకమున విడిగా ఒక పుటలో వ్రాసియుంచితిని.