పౌలా గీసిన బొమ్మలు

బొమ్మ అంటే అందంగా ఉండాలి అంటారు చాలామంది. రాజు, రాణి, నగలు, పూలతోట. ఇలాంటివే గీయాలి అంటారు. మరి కష్టం చేసి ముడతలు పడ్డ ముసలమ్మ ముఖం బొమ్మకు పనికిరాదా? బిడ్డకు పాలిస్తూ అలాగే నిద్రపోయిన తల్లి పనికిరాదా?

పనికి వస్తారు అని నమ్మిన ఒక ఆడమనిషి ఉంది. ఆమె పేరు పౌలా. ఆమెది జర్మనీ దేశం. ఆమె బతికింది 31 ఏళ్లే. ఇది కట్టుకథ కాదు. జరిగిన కథ.

చిన్నతనం, చదువు

పౌలా 1876లో డ్రెస్డెన్ నగరంలో పుట్టింది. తండ్రి రైల్వేలో ఇంజనీరు. ఇంట్లో పిల్లలు ఎక్కువ. పౌలాకు 12 ఏళ్లప్పుడు వాళ్లంతా బ్రేమన్ నగరానికి వచ్చేశారు.

పౌలాకు బొమ్మలు గీయడమంటే ప్రాణం. తండ్రికి మాత్రం దిగులు. కూతురు తన కాళ్లమీద తాను నిలబడాలి కదా! బొమ్మలు కూడు పెడతాయా? అందుకని టీచరు ట్రైనింగులో చేర్చాడు. పౌలా చదివింది. 1895లో పరీక్ష పాసయింది. కాని బొమ్మలు మానలేదు.

ఆ రోజుల్లో జర్మనీలో పెద్ద పెద్ద చిత్రకళా కళాశాలలు ఉండేవి. దాదాపు వేటిలోనూ ఆడవాళ్లను చేర్చుకొనేవారు కాదు. 1919 తర్వాతే ఆ తలుపులు తెరుచుకొన్నాయి. పౌలా అప్పటిదాకా ఆగలేదు. బెర్లిన్‌లో ఆడ చిత్రకారులు కలిసి సొంతంగా ఒక బడి పెట్టుకొన్నారు. 1896లో ఆమె అందులో చేరింది.

మట్టి తవ్వే ఊరు

బ్రేమన్ దగ్గర వోర్ప్స్‌వెడ అనే పల్లె ఉంది. చుట్టూ చిత్తడి నేల. మొక్కలు వేల ఏళ్లు కుళ్లి అక్కడ నల్లమట్టి అయింది. దాన్ని ఇటుకల్లా కోసి ఎండబెడితే కట్టెల్లా మండుతుంది. ఊరివాళ్లు ఆ మట్టి తవ్వేవారు. పడవల్లో వేసుకొని పట్నంలో అమ్మేవారు. ఒళ్లు విరిగే పని. చేతికి వచ్చేది తక్కువ.

ఆ ఊళ్లో కొందరు చిత్రకారులు కాపురం పెట్టారు. 1898లో పౌలా కూడా వచ్చింది. మిగతావాళ్లు ఎక్కువగా చెట్లు, మబ్బులు, కాలువలు గీసేవారు. పౌలా మనుషులను గీసింది. దిక్కులేనివాళ్లు తలదాచుకొనే ఇల్లు ఒకటి ఆ ఊళ్లో ఉండేది. అక్కడి ముసలమ్మలను గీసింది. పేదింటి పిల్లలను గీసింది. పాలిచ్చే తల్లులను గీసింది. ముడత ఉంటే ముడత గీసింది. లేని నవ్వు తెచ్చి అతికించలేదు.

1899లో ఆమె బొమ్మలు మొదటిసారి బ్రేమన్‌లో ప్రదర్శనకు పెట్టారు. ఒక పత్రికలో ఒకాయన వాటిని తిట్టిపోశాడు. పౌలా కుంచె కింద పెట్టలేదు. ఆ ఏడాది ఆఖరి రోజున పారిస్ రైలెక్కింది. అక్కడ ఇంకా నేర్చుకొంది.

సంసారం, పని

1901లో పౌలా ఒట్టో మోడర్‌సోన్‌ను పెళ్లాడింది. ఆయన కూడా చిత్రకారుడే. మొదటి భార్య చనిపోయింది. ఒక చిన్న కూతురు ఉంది. పెళ్లికి ముందు ఇంట్లోవాళ్లు పౌలాను బెర్లిన్ పంపి వంట నేర్పించారు.

పౌలా ఇల్లు చూసుకొంది. బిడ్డను చూసుకొంది. బొమ్మల కోసం మాత్రం ఒక రైతు ఇంట్లో వేరే గది తీసుకొంది. రోజూ అక్కడికి వెళ్లి పని చేసేది. ఆమె పనిలో గొప్పతనం ఉందని ఒట్టోకు తెలుసు. అయినా పౌలాకు ఊపిరాడనట్టు ఉండేది. 1906లో ఇల్లు విడిచి ఒంటరిగా పారిస్ వెళ్లిపోయింది. చేతిలో డబ్బు లేదు. ఒట్టోనే డబ్బు పంపేవాడు.

ఆ ఏడాది మే నెలలో, తన పెళ్లిరోజున, తన బొమ్మ తానే గీసుకొంది. నడుము పైన బట్ట లేదు. గర్భిణిలా చేతులు కడుపు దగ్గర పెట్టుకొని ఉంది. నిజానికి అప్పుడు ఆమె గర్భిణి కాదు. అప్పటిదాకా ఆడదాని ఒంటిని గీసింది ఎక్కువగా మగవాళ్లే. తన ఒంటిని తానే ఇలా గీయడానికి ఎంత ధైర్యం కావాలి!

ఆ బొమ్మ మీద సంతకం కూడా చూడాలి. మొగుడి ఇంటిపేరు అందులో లేదు. తన పేరు, పుట్టింటి పేరు – ఈ రెండిటి మొదటి అక్షరాలే రాసుకొంది.

పౌలా బొమ్మల్లో రూపాలు పెద్దవి. గీతలు తక్కువ. రంగు మందంగా ఉంటుంది. కంటికి కనిపించినట్టే కాక, మనసుకు తట్టినట్టు గీసే పద్ధతి అది. తర్వాత దానికి ‘ఎక్స్‌ప్రెషనిజం’ అని పేరు వచ్చింది. ఆ దారిలో ముందుగా నడిచినవాళ్లలో పౌలా ఒకరు.

పద్దెనిమిది రోజులు

1907లో పౌలా ఒట్టోతో కలిసి తిరిగి ఊరికి వచ్చింది. నవంబరు 2న ఆడపిల్లను కన్నది. కాన్పు కష్టమైంది. మంచం దిగవద్దన్నారు. నవంబరు 20న లేవనిచ్చారు. ఇంట్లో అందరికీ సంతోషం. పౌలా లేచింది. కాసేపటికే కుప్పకూలింది. ‘అయ్యో’ అనే అర్థం వచ్చే ఒక్క మాట అందట. అంతే.

కారణం రక్తం గడ్డ. కదలకుండా పడుకొంటే కాళ్లలో రక్తం గడ్డకట్టవచ్చు. ఆ గడ్డ ఊపిరితిత్తులకు చేరితే ప్రాణానికే ముప్పు. అందుకే ఇప్పుడు డాక్టర్లు బాలింతను వీలైనంత త్వరగా లేచి నెమ్మదిగా నడవమంటారు. కాలు వాచి నొప్పి పెట్టినా, ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

తర్వాత ఏమైంది?

పౌలా చనిపోయాక చూస్తే రంగుల బొమ్మలే 700కు పైగా ఉన్నాయి. బతికుండగా అమ్ముడైనవి వేళ్లమీద లెక్కపెట్టవచ్చు. 1927లో బ్రేమన్‌లో ఆమె బొమ్మల కోసమే ఒక మ్యూజియం కట్టారు. ఒక ఆడ చిత్రకారిణి కోసమే కట్టిన మ్యూజియం లోకంలో అదే మొదటిది. 1937లో హిట్లర్ ప్రభుత్వం ఆమె బొమ్మలు చెడ్డవని చెప్పి, ఎన్నో బొమ్మలను మ్యూజియాల నుంచి తీయించింది. ఆ ప్రభుత్వం 1945లో పోయింది. పౌలా బొమ్మలు నిలిచాయి.

ఆ పసిబిడ్డ పేరు టిల్లే. ఆమె 1998 దాకా బతికింది. తల్లి బొమ్మలను కాపాడడానికి 1978లో ఒక సంస్థ పెట్టింది. తల్లి ముఖం ఆమెకు గుర్తులేదు. బొమ్మల్లోనే చూసుకొంది.

కొత్త మాటలు

చిత్తడి నేల – ఎప్పుడూ తడిగా, బురదగా ఉండే నేల
కుంచె – రంగులు వేసే సాధనం
ప్రదర్శన – నలుగురూ చూసేలా పెట్టడం

జవాబులు రాయండి

1. పౌలా పెద్ద కళాశాలలో ఎందుకు చేరలేకపోయింది?
2. వోర్ప్స్‌వెడ ఊరివాళ్లు ఏం చేసి బతికేవారు?
3. పౌలా ఎలాంటి మనుషుల బొమ్మలు గీసింది?

కలిసి మాట్లాడుకోండి

1. పౌలా తన బొమ్మ మీద పుట్టింటి పేరు ఎందుకు రాసుకొని ఉంటుంది?
2. మీ ఇంట్లో ఎవరి బొమ్మ గీయాలని ఉంది? ఆ బొమ్మలో ఏం కనపడాలి? నాలుగు మాటలు రాయండి. కింద మీ సంతకం చెయ్యండి.