పరదేశమున పండుగ దినము

పఠనభాగము: లేవీయకాండము 19:33, 34

హైలే సెలాస్సీ చక్రవర్తి కాలమున మన దేశమునుండి అనేకమంది ఉపాధ్యాయులు ఇతియోపియా పాఠశాలలకు వెళ్లిరి. తరువాత తెలుగువారును అక్కడి విశ్వవిద్యాలయములలో బోధించిరి. అట్లు బోధింప వెళ్లినవాడు మొదట తానే నేర్చుకొనవలసినవాడగును.

అచ్చటి వారు గంటలను ఉదయమునుండి లెక్కింతురు. మన ఉదయము 8 గంటలు వారికి 2 గంటలు. “రెండు గంటలకు తరగతి” అని విని మధ్యాహ్నము పోయిన క్రొత్త ఉపాధ్యాయునికి ఖాళీ బల్లలే కనబడును. విద్యార్థులు ఉదయమే వచ్చి, వేచియుండి, వెళ్లిపోయియుందురు. వారి సంవత్సరమునకు 13 నెలలు.

డిసెంబరు 25 అచ్చట సెలవుదినము కాదు. ఆ దేశపు ప్రాచీన సంఘము క్రీస్తు జననమును జనవరి 7న ఆచరించును. అంతకుముందు అనేక దినములు మాంసమును, పాలను, గ్రుడ్లను విడిచి ఉపవాసముండును. కావున మన క్రైస్తవ ఉపాధ్యాయుడు తన పండుగనాడు తరగతికి పోవలెను. సాయంకాలము గదిలో ఒంటరిగా కూర్చుండి, “వీరికి మన పండుగ పట్టదు” అని సణుగుకొనుట సులభము.

అయితే జనవరి 7న అతిథిని పిలుచుట వారి మర్యాద. టెఫ్ పిండిని పులియబెట్టి, మన అట్టువలె కాల్చిన ఇంజెరాపై కోడికూర వడ్డించి, ముద్దను అతిథి నోటికే అందింతురు. దీనిని గుర్షా అందురు. తల్లి తినిపించిన గోరుముద్ద జ్ఞాపకమునకు రాక మానదు.

గడియారమును మార్చుకొనుట విశ్వాసమును మార్చుకొనుట కాదు. డిసెంబరులో సణిగిన నోరే జనవరిలో ఆ ముద్దను అందుకొనవలెను.

ఆలోచించుడి: మీ వీధిలో పండుగనాడు ఒంటరిగానున్న పరదేశి ఎవరు? అతనికి మొదటి ముద్ద ఎవరు అందింతురు?