ఎర్రబడిన కన్ను

ప్రాణప్రదమైన దానిని కంటికి రెప్పవలె కాపాడుకోవాలని తెలుగువారు చెబుతారు. కాని ఆ కంటికే జబ్బు చేసినప్పుడు పొరుగింటివారి చుక్కల మందును అరువు తెచ్చి వేసుకొనేవారు నేటికీ ఉన్నారు.

పూర్వం విశాఖపట్నం జిల్లాలో ఉండి, 2022లో అనకాపల్లి జిల్లాలో చేరిన అచ్యుతాపురం మండలంలో వ్యవసాయం, పూడిమడక తీరాన చేపల వేట, ప్రత్యేక ఆర్థిక మండలిలో కర్మాగారాల పని పక్కపక్కనే సాగుతున్నాయి. వరి ఆకు గీరుకొన్నా, ఇసుక పడినా, రసాయనం చిందినా కన్ను ఎర్రబడుతుంది. ఎరుపు ఒకటే అయినా కారణాలు వేరు. కారణాన్ని బట్టి చికిత్స మారుతుంది.

2023 వర్షాకాలంలో తెలుగునాట ఎందరినో బాధించిన కండ్లకలక అంటువ్యాధి. కన్ను ఎర్రబడి, దురదతో నీరు కారుతుంది. పుసి కట్టి, ఉదయం రెప్పలు అతుక్కొంటాయి. రోగిని చూచినంతనే ఇది సోకుతుందనుట అపోహ. ముఖ్యంగా చేతులు, తువ్వాళ్ళు, దిండ్ల ద్వారా వ్యాపిస్తుంది. వైరస్ వలన కలిగినదైతే యాంటీబయాటిక్‌తో పనిలేకుండా సాధారణంగా ఒకటి రెండు వారాలలో తగ్గుతుంది. చేతులు సబ్బుతో తరచుగా కడుగుకొనుట, కాచి చల్లార్చిన నీటితో రెప్పలను శుభ్రపరచుట చాలును. రెప్ప అంచున లేచే కురుపుకు గోరువెచ్చని కాపడం పెట్టాలి, దానిని చిదుమరాదు.

నల్లగుడ్డుపై ఏర్పడే పుండు అట్టిది కాదు. పైరు ఆకు గీరుకొన్న కంటిలో బూజుజాతి క్రిములు చేరవచ్చు. తీవ్రమైన నొప్పి, వెలుతురు చూడలేకపోవుట, చూపు మందగించుట, నల్లగుడ్డుపై తెల్లని మచ్చ దీని లక్షణాలు. కంటిలోపలి వాపులోను నొప్పి, వెలుతురును సహించలేకపోవుట కనబడతాయి. ఇట్టి స్థితిలో ఆకుపసరు పోయరాదు. వైద్యుని సలహా లేకుండా వేసుకొన్న స్టెరాయిడ్ చుక్కలు ఎరుపును తగ్గించి ఊరటనిచ్చినట్లే ఉండి, లోపల పుండును ముదిరింపజేస్తాయి. ఎక్కువకాలం వాడితే నీటికాసులకు దారితీస్తాయి. నల్లగుడ్డుపై మచ్చ మిగిలితే చూపు శాశ్వతంగా పోవచ్చు.

రసాయనం పడినచో ముందుగా, ఆలస్యం చేయక, ధారగా పడే శుభ్రమైన నీటితో కనీసం 15 నిమిషాలు కంటిని కడిగి, ఆ తరువాత ఆసుపత్రికి పోవాలి. విశాఖపట్నంలో ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రితో పాటు, 2006లో ఏర్పడిన ఎల్.వి. ప్రసాద్ నేత్రవైద్య సంస్థ ప్రాంగణం కూడా ఉన్నది.

నొప్పి లేని ఎరుపుకు శుభ్రత, ఓర్పు అవసరం. నొప్పితోగాని, చూపు తగ్గుటతోగాని కూడిన ఎరుపుకు ఆ రోజే నేత్రవైద్యుని దర్శనం అవసరం. ఈ భేదం తెలిసిన విద్యార్థి తన ఇంటివారి చూపును కాపాడగలడు.