అవ్వ నేర్పిన జపం

పునీత పౌలుగారు తిమోతికి వ్రాసిన రెండవ లేఖ 1:5 తెరవండి. తిమోతిలోని విశ్వాసం మొదట అవ్వ లోయిలో, తర్వాత తల్లి యునీకేలో ఉండినదని చెబుతున్నారు. గురువుకంటే, ఉపదేశికంటే ముందు అవ్వ!

మన పిల్లల చిట్టిచేయి పట్టుకొని, నుదుటికి ఆనించి సిలువ గుర్తు నేర్పిందీ ఎక్కువగా అమ్మమ్మ, నాయనమ్మలే. మంగళవార్త జపంలో మాట తడబడితే నవ్వేవారే గాని కసిరేవారు కారు. ఇప్పుడు ఆమె జపమాల తీస్తే, 'మెల్లగా చెప్పుకో, టీవీ వినబడటం లేదు' అంటున్నాం.

2021లో ఫ్రాన్సిస్ పాపుగారు జూలై నాలుగవ ఆదివారాన్ని అవ్వాతాతల, వృద్ధుల దినంగా నెలకొల్పారు. మరియమాత తల్లిదండ్రులు పునీత అన్నమ్మ, జ్వాకీముల పండుగ (జూలై 26) దాపునే వస్తుంది. ఆనాటి పూలదండతో సరిపెట్టకండి. ఈ రాత్రే టీవీ ఆపి, జపమాల పెద్దవారినే మొదలుపెట్టమనండి. మధ్యలో వారు మరచిపోతే మనుమరాలు అందిస్తుంది.