తలా? తలమీది వాపా?

హౌస్ సర్జన్సీలో ఒక రాత్రి తొలిచూలు అమ్మాయిని పరీక్ష చేసి, "తల బాగా దిగింది మేడమ్" అని ధీమాగా చెప్పాను. మేడమ్ గారు స్వయంగా చూసి, "నీ వేలికి తగిలింది తల కాదయ్యా, తలమీది వాపు" అన్నారు. అప్పటికే ఆ అమ్మాయి తల్లి నా మాట నమ్మి ఇంటికి కబురు పంపేసింది.

ఈ వాపు పేరు కాపుట్ సక్సిడేనియమ్. నొప్పులు వస్తూ, ముఖ్యంగా ఉమ్మనీరు పోయిన తరువాత, గర్భాశయ ముఖద్వారపు అంచు బిడ్డ తల చుట్టూ బిగుసుకుంటుంది. ఆ వలయం నడుమ ఉన్న చర్మంలో నీరు ఊరి మెత్తగా పొంగుతుంది. ఎముకపొరకు పైన ఉండేది కాబట్టి పుర్రె అతుకులను దాటి పరచుకుంటుంది. అదే ఎముకపొర కింద రక్తం చేరితే అతుకు దగ్గరే ఆగిపోతుంది, అది వేరు.

బిడ్డకు దీనివల్ల సాధారణంగా హాని లేదు. చిక్కల్లా మన వేలికే! అతుకులు, మాడు చేతికి అందవు. బిడ్డ ఎటు తిరిగి వున్నదో తెలియదు. ఎముక పైనే ఉండగా చర్మం కిందికి సాగి వచ్చి, తల దిగినట్లు మభ్యపెడుతుంది. అది నమ్మి పట్టకారు వేస్తే తల్లికీ బిడ్డకీ ప్రమాదమే.

1958లో గ్లాస్గోలో ఇయాన్ డొనాల్డ్ బృందం లోకానికి చూపిన అల్ట్రాసౌండ్ ఇక్కడ అక్కరకు వస్తుంది. ప్రోబుకు తొడుగు వేసి, యోనిముఖం దగ్గర బయట చర్మం మీదనే ఆనిస్తారు. పుర్రె తెల్లని గీతలా మెరుస్తుంది. దానికీ చర్మానికీ మధ్య బూడిదరంగు పట్టీయే వాపు. జఘనాస్థి పొడవునా ఒక గీత, దాని కింది కొస నుండి పుర్రెను తాకుతూ మరో గీత గీసి కోణం కొలుస్తారు. సుమారు 116 డిగ్రీలుంటే తల కటి మధ్య మట్టానికి చేరినట్లు. గీత ఎముకను తాకాలి సుమా, వాపును కాదు.

నొప్పులు రాకముందే స్కానులో వాపు కనబడితే మాత్రం తొందరపడి కాపుట్ అనేయరాదు. పుర్రెలో రంధ్రముండి మెదడు పొరలు బయటికి వచ్చాయా, ఒళ్లంతా నీరు పట్టిందా అని ముందు చూడాలి. ఉమ్మనీరు పోయిందేమో కూడా అడగాలి.

ఆ రాత్రి స్కానులో ఎముక పైనే ఉంది. కొన్ని గంటలు చూసినా దిగలేదు, సిజేరియన్ చేశారు. "నెత్తిమీద ఈ బుడిపె ఏంటి బాబూ?" అని అమ్మమ్మ కంగారుపడింది. ఈసారి తెలిసి జవాబు చెప్పాను. మూడోనాటికి అది తీసిపోయింది.