అర్జునుడు దాచుకోలేదు: క్యాన్సర్‌తో ఉన్నప్పుడు మనసుకు తోడు



ఈ వారం వీడియోలో భగవద్గీత మొదటి అధ్యాయం చూశాం కదా. 18 అధ్యాయాల గీతలో మొదటిదాని పేరే అర్జున విషాద యోగం. నోరు ఎండిపోతోంది, ఒళ్లు వణుకుతోంది, గాండీవం చేతిలోంచి జారిపోతోంది. అంతటి వీరుడు ఇవేవీ దాచుకోలేదు. పక్కనున్న కృష్ణుడికి ఒక్కొక్కటీ చెప్పేశాడు. ఇంకో విషయం గమనించారా? అర్జునుడు బాధ చెప్పుకుంటున్నంతసేపూ ఆ అధ్యాయంలో కృష్ణుడు ఎక్కడా అడ్డు రాలేదు. ముందు విన్నాడు. ఉపదేశం తర్వాతే.

ఇప్పుడు మన ఇళ్లకి వద్దాం. 28 ఏళ్ల అబ్బాయి, రెండో కీమో అయింది అనుకుందాం. రాత్రిళ్లు నిద్ర లేదు. వచ్చినవాళ్లంతా "ధైర్యంగా ఉండు, దేవుడున్నాడు" అంటున్నారు. ప్రేమతోనే అంటున్నారు. కానీ ఆ మాట విన్నాక "నాకు భయంగా ఉంది" అని అతను ఎవరితో చెప్పగలడు? ఇంకెవరో "ఏ జన్మ కర్మో" అని నిట్టూరుస్తారు. అప్పటిదాకా ఉన్నది భయం ఒక్కటే. ఇప్పుడు తప్పంతా తనదేనేమో అన్న బాధ కూడా తోడైంది.

ఒక్క మాట గుర్తుపెట్టుకుందాం. కర్మ సిద్ధాంతం ఉన్నది మన నడవడికను మనం సరిచూసుకోవడానికి. జబ్బుపడ్డ మనిషి మీద తీర్పు చెప్పడానికి కాదు. అలాగే దిగులు పడినంత మాత్రాన భక్తి తగ్గినట్టు కాదు. నిద్ర పట్టకపోవడం, చిరాకు లాంటివి కొన్నిసార్లు కీమోతో ఇచ్చే స్టెరాయిడ్ల వల్ల కూడా వస్తాయి.

మరి ఎవరికి చెప్పాలి?

1. ముందు మీ క్యాన్సర్ డాక్టర్‌కి, లేదా వార్డులో నర్సుకి. వాంతులు, నొప్పి గురించి ఎలా చెబుతామో దిగులు గురించీ అలాగే చెప్పాలి. ఎలా మొదలుపెట్టాలో తెలియకపోతే ఒక అంకె చెప్పండి: "గడిచిన వారంలో నా బాధ 0 నుంచి 10లో ఇంత." డాక్టర్లు వాడే పద్ధతే ఇది. 4 గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉంటే ఇంకాస్త వివరంగా చూడాలని అర్థం.

2. క్యాన్సర్ పేషెంట్ల మనసు గురించి చూసే విభాగాన్ని సైకో-ఆంకాలజీ అంటారు. పెద్ద క్యాన్సర్ ఆసుపత్రుల్లో అడిగి చూడండి. అది లేని చోట పాలియేటివ్ కేర్ టీమ్‌ని అడగండి. పాలియేటివ్ అంటే చివరి రోజులకే అనుకుంటారు, కాదు. చికిత్స నడుస్తుండగానే వాళ్ల సాయం తీసుకోవచ్చు.

3. బయటికి వెళ్లే ఓపిక లేదా? 14416కి ఫోన్ చేయండి. ఇది 2022లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన టెలీ-మానస్. 24 గంటలూ, ఉచితంగా, తెలుగులోనే మాట్లాడొచ్చు. బతకాలని లేదు అన్న ఆలోచన వస్తుంటే రేపటిదాకా ఆగొద్దు. వెంటనే ఇంట్లోవాళ్లకి చెప్పండి, ఒంటరిగా ఉండకండి, దగ్గరి ఆసుపత్రికి వెళ్లండి.

4. సైకియాట్రిస్ట్ మందులు రాస్తే, మీరు వాడుతున్న క్యాన్సర్ మందుల లిస్టు తప్పకుండా చూపించండి. ఉదాహరణకి, కొన్ని డిప్రెషన్ మందులు రొమ్ము క్యాన్సర్‌కి వాడే టమాక్సిఫెన్ పనిని తగ్గిస్తాయి. వాటికి బదులు వేరేవి ఉన్నాయి. మీ అంతట మీరు ఏదీ ఆపేయొద్దు.

జపం మానేయమని ఎవరూ అనట్లేదండీ. పొద్దున జపం, సాయంత్రం కౌన్సెలింగ్, రెండూ కలిసే సాగుతాయి. పూర్తి జపం చేసే ఓపిక లేని రోజు ఒక్క నామం చాలు. దానికి కూడా అపరాధ భావం వద్దు.

ఈ వారం సాధన: జబ్బుతో ఉన్నది మీరైతే, ఒక్కరికి నిజం చెప్పండి. మీ వాళ్లెవరైనా అయితే, "ధైర్యంగా ఉండు" అనే బదులు "ఇవాళ మనసెలా ఉంది?" అని అడిగి, పది నిమిషాలు అడ్డు రాకుండా వినండి. కురుక్షేత్రంలో కృష్ణుడు ముందు చేసింది అదే కదా.

శ్రీకృష్ణార్పణమస్తు.