ఎండకాలపు పచ్చదనము

గుజరాతు రాష్ట్రములోని కచ్ఛ్ జిల్లాయందు, ఉప్పుబయలైన మహారణ్ అంచున, బన్ని అను పచ్చికబయలు కలదు. దాని వైశాల్యము సుమారు 2,500 చదరపు కిలోమీటర్లు. అచ్చటి పశుపాలకులను మాల్ధారులందురు. మాల్ అనగా పశుసంపద. 

ఉప్పునేల ముందుకు ప్రాకకుండుటకై 1961లో అటవీశాఖవారు అచ్చట ఒక విదేశపు ముండ్లచెట్టును నాటించిరి. మన పల్లెలలో సర్కారుతుమ్మ యని పిలువబడునది ఇదియే. కచ్ఛ్ ప్రజలు దానికి 'గాండో బావళ్', అనగా పిచ్చితుమ్మ, యని పేరిడిరి. ఆ పేరు దానికి తగియున్నది! పశువులు దాని తీయని కాయలను తినును. గింజలు అరుగక పేడతో వెలువడి, మంద నడచిన చోటనెల్ల మొలచును. గడ్డి మొలువవలసిన నేలను పొదలాక్రమించెను. అయినను దాని బొగ్గు నమ్ముకొని బ్రదుకు కుటుంబములును కలవు. కావున ఏ చోట ఎంత వ్యాపించినదో తెలియక దానిని ఉంచుటయో, తీయుటయో నిర్ణయింప వీలుకాదు.

ముండ్లపొదలలో నడచి ఇంత నేలను కొలుచుట ఎవరి తరము? ఈ పనికి కృత్రిమోపగ్రహములు తోడ్పడుచున్నవి. పచ్చని ఆకు సూర్యకాంతిలోని ఎఱుపును పీల్చుకొని, కంటికి కానరాని పరారుణకాంతిని అధికముగా వెనుకకు పంపును. ఉపగ్రహములోని పరికరము ఈ రెంటిని కొలుచును. ఆ పరారుణకాంతిని చిత్రమున ఎఱ్ఱరంగుతో చూపుట వాడుక. అందుచే చిత్రములో ఎఱ్ఱగా నున్నది నిజముగా పచ్చని చోటు.

అయితే వానకాలమున గడ్డియు ఎఱుపే, చెట్టును ఎఱుపే. ఇక భేదమెట్లు తెలియును? వేసవి రానిండు. గడ్డి ఎండి వెలవెలబోవును. లోతునకు వేళ్లుదన్నిన తుమ్మ మాత్రము పచ్చగనే యుండును. రెండు ఋతువుల చిత్రములను పోల్చినచో, ఒకసారి ఎఱ్ఱనై మరియొకసారి పాలిపోయినది గడ్డి. రెంటను ఎఱ్ఱగా నున్నది చెట్టు.

ఇక్కడితో చిక్కు తీరలేదు. అచ్చటి పీలుచెట్టును ఆకురాల్చనిదే. అందుచే శాస్త్రజ్ఞులు కొన్ని చోట్లకు స్వయముగా పోయి, ఏ చెట్టు ఎచ్చటనున్నదో గుర్తించి, ఆ గుర్తులతో గణనయంత్రమునకు నేర్పుదురు. చిత్రములోని గడి పెద్దదైనచో చిన్నపొద అందులో మరుగుపడును. భారతీయ ఉపగ్రహములలోని ఒక పరికరపు గడి 23.5 మీటర్లు, మరియొకదానిది 5.8 మీటర్లు. ఈ చిత్రముల సమాచారమును హైదరాబాదు చేరువనున్న షాద్‌నగరు కేంద్రమున అందుకొందురు.

బన్నిలో కొన్ని చోట్ల తుమ్మను తొలగించి గడ్డిని మరల పెంచుచున్నారు. కాని నరికిన మొద్దు చిగిర్చుట దానికి సహజము. అట్లు చిగిర్చి గుబురైనచో, తరువాతి వేసవి చిత్రములో ఆ గడి మరల ఎఱ్ఱబారును.